ఎనిమిది రోజుల వారం

కంపెనీ డాక్టరు ఒక కాగితం ఇచ్చాడు.
ఇరవై రెండు ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకి ఐదు గళ్ళు,
'ఎప్పుడూ లేదు' నుంచి 'ఎల్లప్పుడూ' దాకా.
పేరు రాయక్కర్లేదన్నాడు.
రాస్తాను. ఇడలీనా. సీసాల తనిఖీ, మూడో లైను,
మరీన్యా గ్రాంద్ గాజు ఫ్యాక్టరీ, పద్నాలుగేళ్ళుగా.

మొదటిది: వారంలో ఎన్ని రోజులు సరిగ్గా నిద్రపోతారు?
ఏ వారం, డాక్టరు గారూ?
మీ వారానికి ఏడు రోజులు, మాకు ఎనిమిది.
రెండు పొద్దుటి షిఫ్టులు, రెండు సాయంత్రాలు, రెండు రాత్రులు,
ఆపైన రెండు రోజులు మనుషుల్లో పడటం.
క్యాలెండరు మీద మా వారం ఎప్పుడూ
ఒక గడి పక్కకి జరిగి ఉంటుంది,
బొత్తాం తప్పి పెట్టుకున్న చొక్కాలా.
ఎనిమిది వారాలు ఓపిక పడితే
రెండు ఆదివారాలు చేతికొస్తాయి.
ఒకటి బట్టలుతకడానికి.
ఒకటి చర్చి మెట్ల మీద నిలబడి
ఈలోగా ఎవరు పోయారో కనుక్కోవడానికి.

కొలిమి ఆరకూడదు.
చేరిన రోజు మాకు చెప్పిన మొదటి మాట అది.
నాకంటే ఏడాది ముందు ముట్టించారు దాన్ని.
లోపల ఇసుక కరిగి తేనెలా జారుతుంటుంది,
ఆపితే అక్కడే గడ్డకట్టి చస్తుంది.
అందుకని దాని బదులు
మేం ఆరుతూ, వెలుగుతూ ఉంటాం.

ఆరు: పనిలో ఏకాగ్రత తప్పుతుందా?
నిమిషానికి రెండు వందల పైచిలుకు సీసాలు
తెల్లటి దీపం ముందు నడిచిపోతాయి.
బుడగ, పగులు, మెడలో వంకర,
పొద్దుటి షిఫ్టులో ఏదీ నా కన్ను దాటదు.
రాత్రి మూడు దాటాక
సీసాలు ఆగిపోయి, నేనే కదులుతున్నట్టుంటుంది.
మొన్న ఒక మంచి సీసాని పక్కకి తీశాను.
దీపానికెత్తి ఎంత వెతికినా
దాన్లో పగులు కనబడలేదు.
ఫోర్‌మన్ వాల్దెమార్ చూశాడు, ఏమీ అనలేదు.
తాళాలు చేతిలో పట్టుకుని
తాళాల కోసమే వెతుక్కుంటున్నాడు అప్పుడు.

తొమ్మిదీ పదీ ఖాళీగా వదిలేశాను.

పదకొండు: అకారణంగా కోపం వస్తుందా?
కారణం ఉంది. కమలాపండు.
మధ్యాహ్నం రెండింటికి, కిటికీ రెక్కలు బిగించి,
చెవుల్లో మైనం పెట్టుకుని పడుకుంటే
వంటింట్లో నా కూతురు బెనెదీత కమలాపండు ఒలిచింది.
చప్పుడు కాదు. వాసన.
ఆ వాసనకే లేచి వెళ్ళి అరిచాను.
తొమ్మిదేళ్ళ పిల్ల, చేతిలో సగం తొక్క.
అప్పట్నుంచీ అది
టీవీ గొంతు నొక్కేసి బొమ్మలు చూస్తుంది.
నిన్న తలుపు సందులోంచి చూశాను:
భుజాలు ఊగుతున్నాయి, పళ్ళు కనబడుతున్నాయి.
శబ్దం లేకుండా నవ్వడం నేర్చుకుంది.

దీనికి ఏ గడి?

నిద్ర సుఖమెరగదంటారు.
పగటి నిద్రకి అన్నీ తెలుసు,
పోస్టు బండి, పక్కింటి కుక్క,
పన్నెండు కొట్టే గంట, కట్టాల్సిన కరెంటు బిల్లు.
బస్టాండు బల్ల మీద కునుకు అది,
సంచీ మీద చెయ్యి వేసుకునే పడుకోవాలి.

ఇంకొకటి కూడా రాసుకోండి.
రాత్రులకి జీతం పావు వంతు ఎక్కువ.
ఆ పావు లేకపోతే ఇల్లు బ్యాంకుది.
పోయినేడు పగటి షిఫ్టులో ఖాళీ వచ్చినప్పుడు
వద్దని సంతకం పెట్టింది
ఈ చెయ్యే.

ఇరవై రెండు: ఇంకేమైనా చెప్పదలిచారా?
ఈ పొద్దున ఎనిమిదింటికి గేటు దాటాను.
సముద్రం వైపునుంచి మంచు,
పైన్ చెట్లు నడుం దాకా మునిగి ఉన్నాయి.
బస్సు దొరికి ఇల్లు చేరేసరికి పిల్ల బడికి వెళ్ళిపోయింది.
బల్ల మీద ఒక గిన్నె బోర్లించి ఉంది.
ఎత్తితే, ఒలిచిన కమలాపండు,
తొనలు విడదీసి పెట్టింది.
వాసన బయటికి రాకుండా మూసి వెళ్ళింది.

నిలబడే తిన్నాను, ఒక్కో తొనా.
తర్వాత నిద్ర పట్టలేదు,
కూర్చుని ఇది నింపుతున్నాను.
కాగితం మీద మరకైంది,
ఆరితే పోతుందేమో.